పునరుద్ఘాటన

'రీఅఫర్మ్' అనే ఆంగ్లక్రియకు మన పత్రికలు 'పునరుద్ఘాటించు' అనే మాటను స్థిరపరచాయి. మాట మంచిదే, చిక్కు వాడుకలో ఉంది. మంత్రిగారు ఒకే సంగతిని రెండుసార్లు చెబితే చాలు, "మళ్ళీ పునరుద్ఘాటించారు" అని రాసేస్తారు. 'పునః' అన్న తరువాత 'మళ్ళీ' దేనికి? ఇది పునరుక్తి దోషమని చెప్పీ చెప్పీ ఉద్యోగ విరమణ చేశాను.

పునః + ఉద్ఘాటించు. విసర్గ రేఫమయింది. సంస్కృతంలో ఉద్ఘాటనమంటే తెరవడం. అందుకే హిందీవారు ప్రారంభోత్సవాన్ని 'ఉద్ఘాటన్' అంటారు. మనకు మాత్రం నలుగురిలో గట్టిగా ప్రకటించడమనే అర్థం నిలిచింది. తాడేపల్లిగూడెంలో నా విద్యార్థులు ఇందులో 'ఘాటు' ఉందనుకునేవారు. ఉల్లిపాయల మార్కెట్టున్న ఊరు కదా!

ఆ మార్కెట్టే నాకు ఉదాహరణగా పనికివచ్చేది. పొద్దున వ్యాపారి ఒక ధర చెప్పాడనుకోండి. గుమాస్తా దానినే పదిమందికి చెబితే అది తిరిగి చెప్పడం మాత్రమే. మధ్యాహ్నానికి ధర పెరిగింది, మాట తప్పితే లాభం. అప్పుడు కూడా వ్యాపారి "పొద్దున అన్న ధరే" అంటే, అది పునరుద్ఘాటన. మొదటి మాట తనదై ఉండాలి, దానిని వదులుకోగల సందర్భం ఎదురు కావాలి, అయినా వదలకూడదు.

ఈ కొలతతో మా ఏలూరు దిగువనున్న కొల్లేటిని చూడండి. 1999లో ప్రభుత్వం సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, అంటే +5 కాంటూరు, వరకు సరస్సును అభయారణ్యంగా ప్రకటించింది. అది ఉద్ఘాటన. 2002లో సరస్సు రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టించారు. ఎందరి బ్రతుకుతెరువునో దెబ్బతీసిన పని అది, అయినా అన్న మాటపై నిలబడడమే. 2008లో అదే రాష్ట్ర శాసనసభ +3 కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. "కొల్లేటిని కాపాడతాం" అన్న వాక్యం మాత్రం నేటికీ మారలేదు.

ఏ గీత వరకు? ఆ రెండు గీతల నడుమనే రైతుల భూములూ, చెరువులూ, పక్షుల మేతా ఉన్నాయి. గీత చెప్పని హామీ లంకగ్రామాల రైతుకూ అక్కరకు రాదు, కొంగకూ అక్కరకు రాదు.

కనుక విలేఖరి మిత్రులకు పాత పంతులు మనవి ఒకటి. 'పునరుద్ఘాటించారు' అని రాసేముందు, ఏ సంవత్సరం అన్న ఏ మాటనో కూడా రాయండి. రాయడానికి దొరకకపోతే 'అన్నారు' అనండి, చాలు.