మూడు పాయల అవతల లేసు ఊరు

యానాం నుంచి నరసాపురం పోవాలంటే గోదావరి పాయలు మూడు దాటాలి. ఊరు వదలగానే గౌతమి. దానిమీద ఎదుర్లంకకు 2002లో వంతెన వచ్చింది. అంతకు ముందు పడవే గతి. ముమ్మిడివరం, అమలాపురం మీదుగా పోతే బోడసకుర్రు దగ్గర వైనతేయ. అక్కడా వంతెన ఉన్నది. ఆ పైన తాటిపాక, రాజోలు, మలికిపురం దాటి సఖినేటిపల్లి రేవు చేరితే ఎదుట వసిష్ఠ. మేము వెళ్ళిననాడు ఆ పాయను పంటుమీద దాటాము. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు, మేము, అందరమూ దానిమీదనే. అవతలి ఒడ్డున నరసాపురం.

కోనసీమ తోటలను గురించి, కాలవలను గురించి పెద్దలు చాలా వ్రాశారు. నేను కొత్తగా చెప్పగలిగినది లేదు. నేను చెప్పదలచినది నరసాపురం లేసు సంగతి. అది నావంటి ముభావికి నలుగురు మనుషులను ఎలా సంపాదించి పెట్టిందో ఆ సంగతి.

నేను యానాంలో ఒక ఆఫీసులో గుమాస్తాను. చదువు మెట్రిక్ వరకు. ఇంట్లో తెలుగు, పుదుచ్చేరి వారితో ఉత్తర ప్రత్యుత్తరాలకు అరవం. రెండు భాషలూ వచ్చునుగాని, ఫైలు సంగతి తప్ప ఇంకొక మాట కలపడం రెండింటిలోనూ నాకు చేతకాదు. పెళ్ళికి పోతే వంటశాల దగ్గర ఏదో పని కల్పించుకుని అక్కడే ఉండిపోతాను. చిన్నప్పటినుంచీ నా తీరు ఇంతే. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఒక పలకరింపు ఉండేది. ఆవిడ పోయిన తర్వాత శనివారం సాయంత్రం ఆఫీసునుంచి వస్తే, సోమవారం పొద్దుటి దాకా నా గొంతు నాకే వినబడేది కాదు. పగలు ఏదో విధంగా గడిచేది. రాత్రిళ్ళు మాత్రం, ఒంట్లో బాగాలేక లేవలేకపోతే తలుపు తట్టేవారెవరు అన్న భయం పట్టుకునేది. నలభై దాటిన మనిషికి స్నేహం ఎక్కడ దొరుకుతుంది? చిన్నప్పుడయితే బడి ఉంటుంది.

మా వీధి చివర ఒక పెద్దావిడ ఉన్నారు. పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె. సాయంత్రం అరుగుమీద కూర్చుని లేసు అల్లుతూ ఉంటారు. ఏళ్ళ తరబడి ఆ అరుగు ముందునుంచే ఆఫీసుకు పోతున్నాను; తల ఊపడం తప్ప ఎరగను. ఒకనాడు ఆవిడ దారపు చిలప విప్పుతూ, "అమ్మాయీ, తొందర లేకపోతే ఇది కాస్త రెండు చేతులకూ వేసుకు పట్టుకో, ఉండ చుట్టుకుంటాను" అన్నారు. పట్టుకున్నాను. ఉండ చుట్టడం అయ్యేదాకా ఆవిడ ఒక్క ప్రశ్న అడగలేదు. మర్నాడు కూడా అక్కడ ఆగాను. వారం తిరక్కుండా సూది నా చేతికి ఇచ్చారు. అప్పటినుంచి ఆవిడ నాకు పిన్నిగారు.

ఉన్ని స్వెట్టరు అల్లేవారికి రెండు సూదులు కావాలి. లేసుకు ఒకటి చాలు. దాని కొన వంగి కొక్కెంలా ఉంటుంది. క్రోషే అన్న ఫ్రెంచి మాటకు అర్థం కూడా చిన్న కొక్కెమే. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న మా ఊరికి ఆ మాట ఒక విధంగా చుట్టమే. దారం వేలికి చుట్టి, కొక్కెంతో లాగి, ముడిలోంచి ముడి తీస్తూ పోతే గొలుసు వస్తుంది. గొలుసు కొనలు కలిపితే వలయం. దాని చుట్టూ లెక్క ప్రకారం అల్లుకుంటూ పోతే పువ్వు. లెక్క తప్పితే రేకు వంకరపోతుంది. అప్పుడు దారం కొన పట్టి లాగితే అల్లినదంతా విడిపోయి, మళ్ళీ దారం దారంగా చేతికి వస్తుంది.

నావంటివారికి ఇందులో ఉన్న సుఖం వేరు. అల్లేవారి చూపు సూదిమీద ఉంటుంది గనుక ఎదుటివారి మొహంలోకి చూస్తూ మాటలు వెతుక్కోనక్కర లేదు. లెక్క పెట్టుకుంటూ మౌనంగా ఉంటే ఎవరూ తప్పు పట్టరు. అరగంటకు ఒక మాట దొర్లితే, అది నిజంగా చెప్పవలసిన మాటే అయి ఉంటుంది. ఆ అరుగుమీద ఆదివారం మధ్యాహ్నాలు మేము నలుగురమయ్యాము. ఒకావిడ భర్త పోయిన సంగతి, ఇంకొకావిడ కొడుకు ఉత్తరం ముక్క అయినా వ్రాయని సంగతి నాకు అలాగే తెలిశాయి. మా అమ్మను గురించి నేను మొదట నోరు విప్పిందీ అక్కడే.

పిన్నిగారు పుట్టింటికి పోతూ నన్ను వెంటబెట్టుకుపోయారు. అదే యీ ప్రయాణం.

నరసాపురం పాత రేవు పట్టణం. ఆ పక్కనే మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీవారు బట్టల వ్యాపారం చేశారు. అక్కడి నూలు గుడ్డకు మడపొల్లం అనే పేరు విదేశాల్లో స్థిరపడింది. లేసు ఆ తర్వాత వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి స్త్రీలకు నేర్పారు. అది చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకింది. ఏ వీధిలో చూసినా మధ్యాహ్నం వంట ముగించిన ఆడవారు గుమ్మాల్లో చేరి అల్లుతూ కనబడతారు. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, దాన్ని చేతిపని అంటారు. ఇంకొక ఇంట్లో ఆ పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డగానో, దుప్పటిగానో చేస్తారు, అది అతుకుపని. ఆ సరుకు వర్తకుల ద్వారా విదేశాలకు పోతుంది.

పిన్నిగారి పుట్టింటి వసారాలో ఎనిమిదిమంది కూర్చుని ఉన్నారు. నేను సంచిలోంచి సూది తీయగానే చోటిచ్చారు. కొంతసేపటికి ఒకావిడ నా పువ్వు చూసి, "మీ ఊళ్ళో దీనికి ఎంతిస్తారండీ?" అని అడిగింది.

"ఎవరూ ఇవ్వరండీ. నేను ఊరికే అల్లుకుంటాను" అన్నాను.

"ఊరికేనా!" అని అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, సూది ఆపకుండానే, "మేము ఊరికే అల్లి ఎన్నాళ్ళయిందో" అన్నది.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. నాకు తోడు అయిన పని వారికి కూలి. జర్మనీ దేశపు మరియా మీస్ అనే సమాజశాస్త్రవేత్త నరసాపురం లేసు స్త్రీలను గురించి 1982లో ఒక పుస్తకమే ప్రచురించింది. వీరిది తీరిక వేళ ఇంటిపని అని లోకం అనుకోబట్టే కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఇంకెవరూ వాడుకోరాదు. "పేరుకు గుర్తింపు వచ్చిందట. చేతికి కూడా వస్తే బాగుండును" అన్నారు వసారాలో పెద్దామె ఒకరు. నేను గుమాస్తా మనిషిని, జీతం అంటే ఏమిటో తెలుసు. ఆ మాట కాదనలేకపోయాను.

అయినా ఒకటి చెప్పాలి. కూలి కోసమే అల్లుతున్నా, వారిలో ఒక్కరూ ఒంటరిగా కూర్చుని అల్లడం నేను చూడలేదు. ఎండ మొహాన పడితే అందరూ కలిసి పక్క ఇంటి వసారాకు మారారు. ఒకావిడ కళ్ళు మసకబారి లెక్క తప్పుతుంటే పక్కావిడ ఆమె కుట్లు కూడా పైకి లెక్కపెట్టింది. బయలుదేరేటప్పుడు, నన్ను ధర అడిగిన ఆవిడ ఒక చిన్న పువ్వు నా చేతిలో పెట్టి, "ఇది ఊరికేనండి, మీకోసం" అన్నది. నేను అల్లినది ఆవిడకు ఇచ్చాను. నా పువ్వు రేకులు కొంచెం ఎగుడుదిగుడే. ఆవిడ దాన్ని జాకెట్టు మడతలో దాచుకున్నది.

మొన్న వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. ఆ ఆదివారం అరుగుమీద నా చోటు ఖాళీగా ఉండడం చూసి, చీకటి పడకుండానే పిన్నిగారు గంజి పట్టుకుని తలుపు తట్టారు. వెనక మిగిలిన ఇద్దరూ. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. ఒకరు దీపం వేశారు, ఒకరు మంచం పక్కన కూర్చుని సంచిలోంచి దారం తీశారు.

యీ పత్రిక షోలాపురంలో, బరంపురంలో, హోసూరులో మనవారి ఇళ్ళకు పోతుంది. మీ వీధిలోనూ తల ఊపి పోయే మనిషి ఒకరు ఉండకపోరు. వారిని సభకు రమ్మని, నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే రారు. ఆదివారం మధ్యాహ్నం సంఘం గదిలో ఒక చాప పరిచి, నాలుగు సూదులు, నాలుగు దారపు ఉండలు పెట్టి చూడండి. దారం పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని కబురు చేయండి. వస్తారు. వచ్చినవారిని ఏమీ అడగకండి. వారు తమంతట తామే చెప్పేదాకా అల్లుతూ ఉండండి. లేసు కొనవలసి వచ్చినప్పుడు మాత్రం నరసాపురం లేసు అడిగి కొనండి. బేరం ఎక్కువ చేయకండి.