అరగుండుకే నా ఓటు

నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరి రాజకీయాలు ఎత్తితే గొడవవుతుంది. హీరోల పేర్లు ఎత్తితే ఇంకా పెద్ద గొడవవుతుంది. అదే ‘బ్రహ్మానందం బెస్ట్ క్యారెక్టర్ ఏది?’ అని అడిగి చూడండి. గొడవ ఎలాగూ అవుతుంది, కాకపోతే అందరూ నవ్వుతూ పోట్లాడుకుంటారు. కొండాపూర్‌లో మేం నలుగురం అద్దెకుంటున్న ఫ్లాట్‌లో ఈ పంచాయితీ మూడేళ్ళుగా నడుస్తోంది. నలుగురం సాఫ్ట్‌వేరే. రాత్రి పదకొండుకి అమెరికా వాళ్ళతో కాల్ అయిపోయాక, నిద్ర పట్టేలోపు దొరికే ఆ గంటలో మాకు ఇదే టైంపాస్.

నల్గొండ వాడి ఓటు ‘మనీ’ (1993)లో ఖాన్ దాదాకి. సినిమా హీరో అయిపోదామని కలలు కనే రౌడీ. మావాడి వాదన ఒక్కటే: “అండ్ల ఆయన కామెడీ చెయ్యలేదురా. నేను నిజంగనే హీరోని అనుకున్నడు. అందుకే నవ్వొస్తది.” ఈ మాటకి మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

వైజాగ్ వాడిది ‘మన్మథుడు’ (2002). పారిస్‌లో నాగార్జునకి తగిలే లవంగం. ఆన్‌సైట్‌కి వెళ్ళొచ్చిన ప్రతివాడికీ అక్కడ ఒక లవంగం తగిలే ఉంటాడని వాడి సిద్ధాంతం. పరాయి ఊళ్ళో అన్నీ తనకే తెలిసినట్టు పోజు కొట్టే మనవాడు అన్నమాట.

ఖమ్మం వాడికి శ్రీను వైట్ల సినిమాలంటే ప్రాణం. ‘ఢీ’లో చారి, ‘రెడీ’లో మెక్‌డోవెల్ మూర్తి, ‘దూకుడు’లో పద్మశ్రీ... వరసపెట్టి చెప్పుకుంటూ పోతాడు. మధ్యలో ‘అదుర్స్’ భట్టునీ, ‘రేసుగుర్రం’లో కిల్ బిల్ పాండేనీ కలిపేస్తాడు. ఒక్క ఓటు వెయ్యరా బాబూ అంటే ఐదు వేస్తాడు. గట్టిగా నిలదీస్తే పద్మశ్రీ దగ్గర ఆగుతాడు.

ఆఫీసులో మా సీనియర్ మేడం ఒకావిడ ఉన్నారు. ఆవిడ మాత్రం 2023లో వచ్చిన ‘రంగమార్తాండ’ అంటారు. అందులో ప్రకాష్‌రాజ్ స్నేహితుడైన రంగస్థల నటుడు చక్రపాణిగా, ఆస్పత్రి మంచం మీద బ్రహ్మానందం నటన చూసి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. నేనూ పెట్టుకున్నాను. కానీ “అప్పుడు తెలిసింది ఆయన ఎంత పెద్ద నటుడో” అని ఎవరన్నా అంటే మాత్రం నాకు మండుతుంది. ఏడిపిస్తేనే నటుడా? ముప్ఫై ఏళ్ళకు పైగా నవ్వించింది నటన కాక మరేంటి? కనుబొమ్మ ఎంత లేపాలి, ఎప్పుడు లేపాలి, డైలాగ్ అయ్యాక ఎంతసేపు ఊరుకోవాలి... ఆస్పత్రి మంచం మీద మనల్ని ఏడిపించింది కూడా ఆ లెక్కే.

ఇక నా ఓటు. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’లో అరగుండుకి. “నువ్వు పుట్టడానికి పదేళ్ళ ముందు సినిమా, ముసలాడిలా మాట్లాడకు” అని మావాళ్ళు ఎగతాళి చేస్తారు. మాది నరసరావుపేట. బ్రహ్మానందం పుట్టింది సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో. కాబట్టి ఇది ఊరి అభిమానమని కూడా అంటారు. కాదు. నాకో కారణం ఉంది.

పద్మశ్రీనే తీసుకోండి. మహేష్‌బాబు ఇదంతా టీవీ రియాలిటీ షో అని నమ్మించి అతన్ని ఆడిస్తాడు. డబ్బు మీద ఆశ కొద్దీ అతను నమ్ముతాడు. హీరోకి తెలుసు, మనకి తెలుసు. తెలియంది పద్మశ్రీ ఒక్కడికే. ఆ వరస సినిమాల్లో చాలా పాత్రలు ఇంతే. తనంత తెలివైనవాడు లేడనుకునే మనిషిని హీరో బుట్టలో వేస్తాడు, మనం హీరో పక్కన నిలబడి నవ్వుతాం.

అరగుండు అలా కాదు. అతని యజమాని లక్ష్మీపతి, అంటే కోట శ్రీనివాసరావు. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే పిసినారి. బట్టలకి బదులు న్యూస్‌పేపర్ చుట్టుకునే మనిషి. అలాంటి ఇంట్లో పనివాడి బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కానీ అరగుండుని ఎవరూ మోసం చెయ్యడం లేదు. తను ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో అతనికి పూర్తిగా తెలుసు. తెలిసే పనిచేస్తాడు, పనిచేస్తూనే తిట్టుకుంటాడు. ఇక్కడ మనం నవ్వేది అతన్ని చూసి కాదు, అతనితో కలిసి.

ఇదంతా నేను రాత్రిపూట వాదన గెలవడానికి చెప్పే లాజిక్. దీనికి అసలు అర్థం 2025 జులైలో తెలిసింది.

ఆ నెలలో ఒక శుక్రవారం మా ఖమ్మం వాడి ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్. కాల్ అయ్యేసరికి లాప్‌టాప్‌లో లాగిన్ కూడా పనిచెయ్యలేదట. ఆ సంగతి మాకెలా తెలిసిందంటే, ఫ్లాట్ వాట్సాప్ గ్రూపులో ఒక బ్రహ్మానందం స్టిక్కర్ వచ్చింది. కింద ఒక్క ముక్క: ‘ఔట్’. మేమేం చేశాం? మేమూ తలో స్టిక్కర్ పెట్టాం. మా తరానికి బ్రహ్మానందం అంటే సగం ఇదే కదా. జీతం పడితే ఒక మొహం, మేనేజర్ పిలిస్తే ఒక మొహం, పెళ్ళి సంబంధం తప్పిపోతే ఇంకో మొహం. నోటితో చెప్పలేనివన్నీ ఆయన మొహంతో చెప్పించేస్తాం. ఆ స్టిక్కర్ల తర్వాత రెండ్రోజులు ఇంట్లో ఎవరం దాని గురించి మాట్లాడలేదు. వాడు పొద్దున్నే లేచి స్నానం చేసి, మామూలుగానే ఫార్మల్ షర్ట్ వేసుకుని హాల్లో కూర్చునేవాడు.

ఆ ఆదివారం, జులై 13న, కోట శ్రీనివాసరావు గారు పోయారు. రాత్రి వైజాగ్ వాడు ‘అహ నా పెళ్ళంట’ పెట్టాడు. కోట, బ్రహ్మానందం సీన్లు మొదలయ్యాయి. కాసేపు నవ్వుకున్నాం. ఉన్నట్టుండి ఖమ్మం వాడు అన్నాడు:

“నేనే పద్మశ్రీనిరా.”

ఎవరికీ అర్థం కాలేదు.

“రెండు నెలల కిందట టౌన్‌హాల్ మీటింగ్ పెట్టి, మనమంతా ఒక ఫ్యామిలీ అన్నరు. మా టీం మొత్తానికి టీషర్టులిచ్చిన్రు. నేను నిజమే అనుకున్న. దాన్ని నమ్ముకునే కారు లోన్ తీసుకున్న. అది షో అని నాకొక్కడికే తెల్వలే.”

టీవీలో అరగుండు పళ్ళు కొరుకుతూ యజమానిని తిట్టుకుంటున్నాడు. మావాడు అటు చెయ్యి చూపించి, “వాడు మాత్రం నమ్మలేదు చూడు” అన్నాడు. సినిమా ఆపేశాం. మూడు రోజుల్లో మొదటిసారి వాడు అసలు విషయాలు మాట్లాడాడు. లోన్ ఎంత, చేతిలో ఎంత ఉంది, ఇంట్లో ఎందుకు చెప్పలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళ కంపెనీని తిట్టడం మొదలుపెట్టాడు. అరగంట తిట్టాడు. మేమూ సాయం చేశాం. తెల్లారి లేచి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాడు.

ఈ సంగతి మా నాన్నకి చెప్పాను. ఆయన మా ఊళ్ళో ఒక మిల్లులో ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా చేసి మానేశారు. అరగుండు టీవీలో వస్తే ఆయన నవ్వే నవ్వు వేరు. మేం పగలబడి నవ్వుతాం. ఆయన భుజాలు మాత్రమే కదుల్తాయి. “ఏరా, మీకు ఆఫీసులో తిట్టుకోవడానికి మనిషి ఉండడా?” అని అడిగారు. “మేం సాయంత్రం టీ బడ్డీ దగ్గర చేరి సేటుని ఒక రౌండు తిట్టుకుని గానీ ఇంటికి వచ్చేవాళ్ళం కాదు. ఆ కోపం మీ మీదికి రాకుండా అక్కడే వదిలేసి వచ్చేవాళ్ళం.”

అప్పుడు నాకు అరగుండు ఇంకొంచెం అర్థమయ్యాడు. నేను చిన్నప్పుడు నాన్న ఇంట్లో విసుక్కోవడం పెద్దగా చూడలేదు. దాని వెనక ఒక టీ బడ్డీ ఉందని నాకిన్నేళ్ళూ తెలీదు. అరగుండు తిట్లు మనల్ని నవ్వించడానికి రాసినవే కావచ్చు. కానీ నెల జీతం మీద బతికే మనిషికి అవి మందు లాంటివి. యజమానిని ఎదిరించలేడు, అలాగని ఆయన గొప్పవాడని ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడమే వాడి దగ్గర మిగిలిన ఆస్తి. అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసి వచ్చిన బ్రహ్మానందానికి నెల జీతగాళ్ళ కబుర్లు తెలియకుండా ఉంటాయా?

తర్వాత ఆయనకి 2009లో పద్మశ్రీ వచ్చింది. అత్యధిక సినిమాల్లో నటించినందుకు గిన్నిస్ రికార్డూ వచ్చింది. అన్ని సినిమాల్లోంచి ఒక్కటే పాత్ర ఏరమంటే ఎవరి జీవితం వాళ్ళు ఏరుకుంటారు. అందుకే ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. కలలు కనేవాడు ఖాన్ దాదా అంటాడు, ఊళ్ళు తిరిగినవాడు లవంగం అంటాడు. నాకు అరగుండు కావాలి. ఎందుకంటే ఆఫీసులో ఈసారి ఎవరన్నా ‘ఫ్యామిలీ’ అంటే, పని మాత్రం బుద్ధిగా చేసి, నమ్మడం దగ్గర కాస్త ఆగాలి.

మా ఖమ్మం వాడికి నాలుగు నెలలకి ఉద్యోగం దొరికింది. చిన్న కంపెనీ, జీతం కాస్త తక్కువ. మొదటి రోజు వాళ్ళూ టీషర్ట్ ఇచ్చారట. ఇంటికి తెచ్చి దాంతో బైక్ తుడుచుకున్నాడు. “ఇప్పుడన్నా ఓటు మారుస్తావా?” అని అడిగాను.

“లేదురా, పద్మశ్రీయే” అన్నాడు. “మోసపోయినా వాడు ఎంత బాగుంటడో చూసినవా!”