ఉత్సర్గము, అపవాదము, ఒక పెట్టె

వ్యాకరణం చదువుకున్నవారికి ఉత్సర్గాపవాదాలు పరిచితమే. ఉత్సర్గం సామాన్య విధి; అపవాదం దానికి మినహాయింపు. అపవాదం నిలిచినచోట ఉత్సర్గం తప్పుకోవలసిందే. ప్రయాణ బీమా పత్రమూ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. కాకపోతే అందులో ఉత్సర్గాలు పెద్ద అక్షరాలలోను, అపవాదాలు చీమతలకాయలంత అక్షరాలలోను ఉంటాయి. మన సూత్రకారులెవరూ ఇటువంటి పక్షపాతం చూపలేదు.

గత సంవత్సరం అమెరికాలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలుండి తిరిగి వచ్చినప్పుడు శంషాబాదులో నా రెండు పెట్టెలలో ఒకటే చేరింది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుండి ఇక్కడికి మారాక ఇల్లు చేరడమే మరొక ప్రయాణమయింది కనుక ఆ వేళప్పుడు ఎవరి తొందర వారిది. విమాన సంస్థ ఉద్యోగిని కూడా "అంకుల్, మీరు ఇంటికి వెళ్ళండి, రేపు ఫోను చేస్తాం" అన్నది. "అలాగే తల్లీ, ముందు కాగితం వ్రాసి ఇవ్వు" అన్నాను. ఆ కాగితం పేరు ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు, పి.ఐ.ఆర్. అని పొడి మాట. సామాను రాలేదని విమాన సంస్థ తన చేతితో ఒప్పుకునే తొలి సాక్ష్యం అది. దానిని ఆ హాలు దాటకముందే పుచ్చుకోవాలి. బోర్డింగ్ పాసు, పెట్టె చీటీ దానికి జతపరచి దాచాను.

మిత్రులారా, చిక్కు తరువాత వచ్చింది. నా బీమా పత్రంలో సామాను 'ఆలస్యం' ఒక ప్రకరణం, 'నష్టం' మరొకటి. పన్నెండు గంటలు మించిన ఆలస్యానికి అత్యవసర వస్తువుల ఖర్చు ఇస్తారు. భారతదేశానికి తిరిగివచ్చేటప్పుడు జరిగిన ఆలస్యానికి మాత్రం ఇవ్వరు. ఈ అపవాదాన్ని చూపి బీమా సంస్థవారు నా అర్జీని రెండు వాక్యాలలో త్రోసిపుచ్చారు.

నేను ఆలస్యాన్ని అడగనే లేదు. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం (మన దేశం 2009లో అందులో చేరింది) సామాను రావలసిన రోజు నుండి ఇరవైయొక్క రోజులు గడిచినా రాకపోతే ప్రయాణికుడు దానిని పోయినట్లే భావించి తన హక్కు కోరవచ్చును. ఆ గడువు దాటాక పెట్టె దొరకలేదని విమాన సంస్థ చేత ఉత్తరం వ్రాయించుకున్నాను. దానిని జతచేసి, "ఆలస్యానికి చెప్పిన అపవాదం నష్టానికి వర్తించదు" అని సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాశాను. అక్కడా కాకుంటే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ముందుగా సంస్థకు వ్రాసి నెల రోజులు వేచి ఉండాలి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అంతదూరం పోనవసరం లేకపోయింది. ఆరవ వారంలో సొమ్ము వచ్చింది. విమాన సంస్థ ఇచ్చినది మినహాయించి, పాతబడినవాటికి తరుగు కోసి ఇచ్చారు. లెక్క సరిచూశాను, న్యాయంగానే ఉంది.

అర్జీలో వస్తువుల పట్టిక ఒకటి నింపాలి: వస్తువు, కొన్న తేదీ, విలువ. చలికోట్లకు, చెప్పులకు, మనవడు కొనిపెట్టిన గడియారానికి రసీదులు మా అమ్మాయి బ్యాంకు లెక్కలలో వెదికి పంపింది. చివరి వరుసలో 'పాటల నోటుపుస్తకం, 1' అని వ్రాసి తక్కిన గళ్ళు ఖాళీగా వదిలాను. అది మా అక్కయ్యది. పెండ్లిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు నలభై ఏళ్ళపాటు వ్రాసుకున్నది. అక్కడ కొడుకు దగ్గరే ఆమె కన్నుమూసింది. మేనల్లుడు "మామయ్యా, ఇది చదవగలవాడివి నీవే" అని నా చేతిలో పెట్టాడు. అందులో సగం పాటలు మా అమ్మ నోట తప్ప మరెక్కడా వినలేదు.

ఆ వరుసను బీమావారు కొట్టివేశారు. వారి తప్పేమీ లేదు; నగదు, నగలు, దస్తావేజులు, వ్రాతప్రతులు అపవాదాల జాబితాలో స్పష్టంగా ఉన్నాయి.

విమాన సంస్థకు మాత్రం నెలకొక ఉత్తరం వ్రాస్తూనే ఉన్నాను. పి.ఐ.ఆర్. సంఖ్య కంఠస్థమయింది. పెట్టె వారే ఉంచుకోవచ్చునని, నోటుపుస్తకం అట్ట నీలిరంగుదని, మొదటి పుట మీద కుంకుమ మరక ఉంటుందని ప్రతి ఉత్తరంలోనూ వ్రాస్తున్నాను.