మందుల కొట్టు

మోకాళ్ళకి రాసుకునే తైలం సీసా అయిపోయింది. నిజానికి ఇదంతా మొదలైంది అక్కడ.

మా అబ్బాయి ఉండేది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌కి దగ్గర. కిందటేడు మార్చిలో వెళ్ళి నాలుగు నెలలున్నాం. పగలంతా కొడుకూ కోడలూ ఉద్యోగాలకీ, మనవడు బడికీ పోతే ఇంట్లో మేమిద్దరమూ, గోడ గడియారమూను. సాయంత్రం కాస్త నడిచొద్దామని బయల్దేరేవాళ్ళం. దారిలో ఓ కొట్టు. అద్దాల తలుపులు, పైన ఆకుపచ్చరంగులో ప్లస్సు గుర్తు. చీకటి పడితే ఆ గుర్తు వెలుగుతుంది కూడాను. మన కాకినాడ మెయిన్ రోడ్డులో మందుల షాపుకుండే గుర్తేగా అని, ఆ రోజు మావారిని లాక్కుని లోపలికి వెళ్ళాను.

గుమ్మంలో ఓ కుర్రాడు, చెవికి పోగు పెట్టుకున్నాడు, చాలా మర్యాదగా గుర్తింపు కార్డు అడిగాడు. మాకు ఇరవై ఒక్క ఏళ్ళు నిండాయో లేదో చూడాలిట! డెబ్భై రెండేళ్ళ మనిషిని. చెప్పొద్దూ, ఒక్క క్షణం పొంగిపోయాను. తైలం కావాలని సైగలతో మోకాలు చూపించాను. "ఉందండీ, మోకాళ్ళకి రాసుకునేది చాలా మంచిది ఉంది, కానీ కార్డు ఉండాలి" అన్నాడు. ఈలోగా లోపలి తలుపు తెరుచుకుని ఓ వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. చిన్నప్పుడు కోటిపల్లి శివరాత్రి తీర్థంలో బైరాగులు కూచున్న చెట్టుకింద నుంచి వచ్చేది. మా నాన్నగారు చెయ్యి పట్టుకుని గబగబా అవతలికి లాక్కుపోయేవారు.

"ఏమండీ, ఇది గంజాయి కొట్టు" అన్నాను.

"మెల్లిగా అను" అన్నారు మావారు, అక్కడేదో తెలుగువాళ్ళు నిండి ఉన్నట్టు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి పొలమారేలా నవ్వాడు. ఆ తర్వాత పాఠం చెప్పాడు. 2012లో ఆ రాష్ట్రం జనం ఓట్లేసి గంజాయిని చట్టబద్ధం చేసుకున్నారుట. 2014 జనవరి ఒకటో తారీఖున కొట్లు తెరిచారుట. మొక్క నుంచి పొట్లం దాకా లెక్క ఉంటుందిట. పన్నులో కొంత బడుల కట్టడాలకి పోతుందిట. "దొంగచాటుగా అమ్ముకునేవాడికి పోయే డబ్బు ఖజానాకి వస్తోందమ్మా. పోలీసులకి ఆ పని తప్పింది. జైళ్ళ ఖర్చు తప్పింది. కొనేవాడికి తనేం కొంటున్నాడో తెలుస్తుంది. మిల్టన్ ఫ్రీడ్‌మన్ అని, 1976లో నోబెల్ బహుమతి వచ్చిన ఆర్థికవేత్త, ఆయన 1972లోనే ఈ మాట అన్నాడు" అన్నాడు.

మావారు ట్రెజరీలో ముప్ఫై మూడేళ్ళు లెక్కలు రాసి రిటైరైన మనిషి. ఖజానా అన్న మాట వింటే చాలు, వేడివేడి పెసరట్టు చూసినట్టు ఉంటుంది ఆయన మొహం. "నేను 1997లోనే చెప్పానుగా" అన్నారు.

చెప్పారు. నాకు బాగా గుర్తుంది. ఆయన అలా చెప్పిన రోజు నేను రెండు పూటలు మాట్లాడలేదు.

మీలో యాభై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా అంటుకుని, అక్కణ్ణుంచి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం. 1994 డిసెంబరులో రామారావుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. (అంతకు పదేళ్ళ ముందు వారుణి వాహిని అని పేరుపెట్టి సారాని ప్యాకెట్లలో అమ్మించింది కూడా వారి ప్రభుత్వమే. అది వేరే సంగతి.) 1995 జనవరి 16 నుంచి రాష్ట్రంలో చుక్క దొరకదన్నారు. మా మహిళా మండలి తరఫున నేనూ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పట్టినదాన్నే. ఎండలో తిరిగి చెప్పులు తెగిపోయాయి.

మా ఇంట్లో పనిచేసే మనిషి మొహంలో ఆ ఏడాది కనిపించిన వెలుగు నేను ఎప్పుడూ మరిచిపోలేదు. రిక్షా తొక్కే ఆవిడ మొగుడు సాయంత్రం నేరుగా ఇంటికి రావడం మొదలెట్టాడు. "అమ్మగారూ, మావోడు నిన్న మార్కెట్టుకెల్లి సేపలు తెచ్చాడండి. నేనడక్కుండానే తెచ్చాడండి" అని గిన్నెలు తోముతూ ఆగి ఆగి చెప్పింది. ఆరు నెలల్లో చెవులకి దుద్దులు కొనుక్కుంది. పిల్లాణ్ణి తొమ్మిదిలోంచి పదిలోకి పంపింది. అంతకుముందు వాణ్ణి సైకిల్ షాపులో పెట్టేస్తానంటూ ఉండేది.

లెక్కలవైపు చూస్తే ఖజానా వెలవెలపోయింది. 1991-92 నాటికే ఎక్సైజు మీద వచ్చేది ఎనిమిది వందల కోట్లు దాటింది మరి. ఆ గొయ్యి ఎక్కణ్ణుంచి పూడుస్తారు? 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర చేశారు. సారా మానేసి మిగిలిన డబ్బులో కొంత అలా మళ్ళీ అదే ఇంటి నుంచి వెళ్ళిపోయింది. "చూశావా, పన్ను ఎక్కడో చోట పడాల్సిందే" అనేవారు మావారు.

ఇంకోటి. మాకు ముప్ఫై కిలోమీటర్ల అవతల యానాం ఉంది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పుదుచ్చేరిది. మనకి చెల్లే చట్టం అక్కడ చెల్లదు. శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చెయ్యాలంటే మనవాళ్ళు పడవెక్కి అక్కడికే పోయేవారు. మా అమ్మకి తొమ్మిదో ఏట పెళ్ళయింది యానాంలోనే. అరవై ఏళ్ళ తర్వాత జనం మళ్ళీ అదే దారి పట్టారు, ఈసారి సీసాల కోసం. పాల క్యాన్లలో, కొబ్బరికాయల బస్తాల్లో, టైరు ట్యూబుల్లో తెచ్చేవారు. అక్కడి ధర మీద ఇక్కడ రెండింతలు. ఆ రెండో ఇంత ఎవరి జేబులోకి పోయేదో ఊరందరికీ తెలుసు.

1996 ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్ళి. మగపెళ్ళివారు మంచివాళ్ళే, ఇప్పటికీ మంచిగానే ఉన్నారు, అందుకే రాయడానికి చెయ్యి కాస్త వెనకాడుతోంది. కానీ పెళ్ళికొడుకు మేనమామలు ఇద్దరు, విడిదిలో తమకి "ఆ ఏర్పాటు" ఉండాలని మధ్యవర్తి చేత చెప్పించారు. ఆడపెళ్ళివాళ్ళం. అప్పటికి లగ్నం పదిరోజులుంది. మావారు నా వైపు చూశారు. సంతకాలు పట్టిన నేను వంటింట్లోకి వెళ్ళి లడ్డూల లెక్క చూసుకున్నాను. వద్దని నేను అనలేదు. ఆయన మా వీధి చివర సైకిల్ షాపతనికి చెప్పారు. అతను "అయిపోతుందండి బాబుగారూ" అన్నాట్ట. ఎవర్ని పంపుతావని మేం అడగలేదు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు మా పనిమనిషి పొద్దున్నే రాలేదు. పదకొండింటికి వచ్చింది, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి. యానాం దారిలో పిల్లాణ్ణి పట్టుకున్నారు. స్కూలు సంచీలో ఆరు సీసాలు. స్కూలు సంచీ అయితే ఎవరూ వెతకరని వాడికి నేర్పారుట. మూడు నెలలుగా వెళ్తున్నాట్ట, తల్లికి తెలీదు. ట్రిప్పుకి ఇరవై రూపాయలు. పదిహేనేళ్ళు వాడికి.

ఆ ఆరు సీసాలూ మావే. నాకు అప్పుడే అర్థమైంది. మావారికీ అర్థమైంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మావారు చొక్కా వేసుకుని వెళ్ళి, తెలిసిన ప్లీడరు ద్వారా సాయంత్రానికి వాణ్ణి విడిపించారు. ఖర్చంతా మేమే పెట్టుకున్నాం. "అయ్యగారు దేవుడండి" అని ఆవిడ పెళ్ళి పనులన్నీ ఒక్క పైసా ఎక్కువ పుచ్చుకోకుండా చేసింది. మేనమామలకి ఇంకో దారిన ఇంకో ఆరు సీసాలు వచ్చాయి. పిల్లాడు వాయిదాలకి తిరుగుతూ మార్చిలో పదో తరగతి పరీక్ష రాయలేదు. మళ్ళీ ఎప్పుడూ రాయలేదు.

ఇప్పుడు మా అబ్బాయి చెప్పే ఆర్థికశాస్త్రం నాకు తెలీక కాదు. వాడు పుస్తకంలో చదివాడు, నేను పెళ్ళింట్లో చూశాను. వస్తువుని నిషేధిస్తే దాని ధరలో భయం ఖరీదు కూడా కలుస్తుంది. ఆ ఖరీదు పుచ్చుకునేవాడు ఒకడు, భయపడేవాడు ఇంకొకడు. భయపడే పని ఊళ్ళో ఎవరు తక్కువకి చేస్తారో వాళ్ళ నెత్తిన పడుతుంది. ఇవాళ విశాఖ మన్యంలో జరిగేదీ అదే కదా. 2021లో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. పేపర్లో ఫోటో చూడండి, నేలమీద కూచోబెట్టిన కుర్రాళ్ళు, వెనక నిలబడ్డ పోలీసులు. ఆ సరుకు మీద మేడలు కట్టినవాడు ఫోటోలో ఉండడు. అన్నట్టు గంజాయి మనకి మొదటి నుంచీ నేరం కాదు. లైసెన్సు కొట్లలో అమ్మేవారని మా అత్తగారు చెప్పేది. దేశమంతటికీ కలిపి కఠినమైన చట్టం వచ్చింది 1985లోనే. భంగు ఇప్పటికీ ఆ చట్టంలో లేదు.

అందుకని తెరిచెయ్యమంటావా అంటే, అక్కడే నాకు కాలు ఆగుతుంది. 1997లో మనకి తెరిచారుగా. సారా తప్ప మిగతావన్నీ ఏప్రిల్ నుంచి వచ్చాయి. మా పనిమనిషి మొగుడు చేపలు తేవడం మానేశాడు. దుద్దులు ముందు కుదువకి వెళ్ళాయి, ఆ తర్వాత మరి రాలేదు. 2003లో లివరు చెడి పోయాడు. లైసెన్సున్న కొట్లో, పన్ను కట్టిన సరుకు తాగే పోయాడు. ఆ పన్నులోంచే మావారికి జీతం వచ్చింది, ఇప్పుడు పెన్షను వస్తోంది.

ఖజానా ఒకసారి ఆ రుచి మరిగితే చాలు, తాగేవాడు తగ్గితే బెంగపెట్టుకుంటుంది. 2023లో తెలంగాణలో మద్యం దుకాణానికి దరఖాస్తు పెట్టడానికే రెండు లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగివ్వరు. ఆంధ్రాలో 2019లో ప్రభుత్వమే కొట్లు పెట్టింది, 2024లో మళ్ళీ ప్రైవేటు వాళ్ళకిచ్చింది. కొట్టు ఎవరిదన్న దాని మీదే వాదమంతా. కొలరాడోలోనూ 2021 తర్వాత పన్ను తగ్గిపోయిందిట, చుట్టుపక్కల రాష్ట్రాలూ కొట్లు తెరిచేసరికి. అప్పుడు మా అబ్బాయి గొంతులో కాస్త దిగులు వినిపించింది. "తగ్గితే మంచిదేగా నాయనా" అన్నాను. "బడుల డబ్బమ్మా అది" అన్నాడు.

పోర్చుగల్‌లో 2001 నుంచి కొట్లూ లేవుట, కొద్దిగా దగ్గరుంటే జైలూ లేదుట. వైద్యానికి పంపుతారుట. అది కాస్త నా మనసుకి ఎక్కింది. మావారికి ఎక్కలేదు, ఖజానాకి ఏమీ రాదుగా మరి.

పిల్లాడి సంగతి చెప్పలేదు కదూ. 1997లో కొట్లు తెరిచిన నెలలోనే వాడికి ఓ వైన్‌షాపులో ఉద్యోగం దొరికింది. ఏ సీసాలు సంచీలో పెట్టుకుని పట్టుబడ్డాడో అవే సీసాలు అరల్లో సర్దడం. నెల జీతం, దసరాకి బోనసు. ఇప్పుడు నలభై అయిదేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు, ఒక్క చుక్క ముట్టడు. ఎప్పుడైనా కనబడితే "బాగున్నారా అమ్మగారూ" అని వంగి పలకరిస్తాడు. ఆ సీసాలు ఎవరివో వాడికి తెలుసో తెలీదో నేను అడగలేదు.

అమెరికా నుంచి వచ్చాక ఓ మధ్యాహ్నం పెట్టె దింపి మా అమ్మాయి పెళ్ళి ఖర్చుల పుస్తకం తీశాను. మావారి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. పందిరి, సన్నాయి, పువ్వులు, వంటవాళ్ళు, విస్తళ్ళు, పైసలతో సహా. చివరి పేజీలో "ఇతరములు: 3,150" అని ఉంది.

"ఏమండీ, ఈ ఇతరములు ఏమిటి?" అని తీసుకెళ్ళి చూపించాను.

కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం దూరంగా పట్టుకుని చూశారు. దగ్గరగా పట్టుకుని చూశారు. "పందిరి గుంజల వాడిదేమోనే" అని నా చేతికిచ్చేసి, మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు.