ఎన్నిక కాని ఆటగాడు

ఈ సంచికకు ఆటలను గూర్చి ఏమైనను వ్రాయుమని సంపాదకులు మమ్ము కోరిరి. గెలిచిన పందెములను గూర్చియు, తెచ్చిన కప్పులను గూర్చియు క్రీడానివేదికలో ఎటులును ఉండును. కావున మేము జట్టు పట్టికలో పేరు లేని బాలుని గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఏటేట బాస్కెట్‌బాల్ జట్టు పేర్లు నోటీసు బోర్డుపై అంటించిన నాడు గంతులు వేయువారు పండ్రెండుగురు. పట్టికను పైనుండి క్రిందికొకమారు, క్రిందినుండి పైకొకమారు చదివి, మెల్లగా వెడలిపోవువారు అంతకు మూడు రెట్లు. ఆ రెండవ తెగలో ఒకప్పుడు మేమును ఉంటిమి.

మేము తిరువూరునందు పదవ తరగతి చదువుచున్న దినములలో మా బడిలో మాయంత పొడగరి లేడు. చుట్టుప్రక్కల బడులతో ఆడిన పందెములలో మా జట్టు సంపాదించిన పాయింట్లలో సగము మావే. "జిల్లా జట్టులో వీడు లేకున్న మరెవడుండును?" అని డ్రిల్లు మాస్టారు మొదలు బంట్రోతు వరకు అందరును అనుచుండిరి. పదిమంది పదిమారులన్న మాటను పదునైదేండ్ల బాలుడు నమ్మకుండుట కష్టము. మేము నమ్మితిమి. మా తండ్రిగారును నమ్మిరి. తోటలో మామిడికాయ కోతకు రాకమునుపే అప్పుచేసి, మాకు క్రొత్త కాన్వాసు బూట్లు కొనిపెట్టిరి.

ఎంపికకై విజయవాడకు పోయితిమి. రెండు దినములు ఆడించిరి. రెండవనాటి సాయంకాలము ఒక పెద్దమనిషి కాగితము తీసి పేర్లు చదువసాగెను. తొమ్మిదవ పేరు వరకు మాకు భయము కలుగలేదు. పదియవ పేరునకు గుండె దడదడలాడెను. పండ్రెండవ పేరు చదివి ఆయన కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను. మమ్మేల ఎన్నుకొనలేదో చెప్పలేదు. అడుగుటకు మాకును ధైర్యము చాలలేదు. తిరుగు బస్సులో మైలవరము దాటువరకు తోడివారెవ్వరును మాతో మాటాడలేదు. ఎ. కొండూరు దాటిన పిమ్మట బూట్లు విప్పి సంచిలో దాచితిమి. ఇంటికడ అమ్మ, "పేరు వచ్చినదా, నాయనా?" అని అడుగగా, "వాళ్లవాళ్లకే ఇచ్చుకొన్నారమ్మా" అంటిమి. మా తండ్రిగారు ఏమియు అనలేదు. ఆ వేసవిలో కాయ అమ్మిన సొమ్ముతో బూట్ల అప్పు తీర్చిరి.

అమ్మతో మేము చెప్పిన మాట నిజము కాదని తెలియుటకు పదునైదేండ్లు పట్టెను. మేము వ్యాయామోపాధ్యాయులమై, కాగితము మాచేతికే వచ్చి, నలువదిమందిలో పండ్రెండుగురను ఏరవలసివచ్చిన నాడు గాని మాకు కన్నులు తెరువబడలేదు. మైదానముననున్న వారిలో మంచి ఆటగాండ్రను వరుసగా లెక్కించి, పండ్రెండవవానికడ గీత గీయుటయే ఎన్నిక యని మేము తలచియుంటిమి. అది కాదు. అప్పటికే పొడగరులు నలుగురున్నచో ఐదవ పొడగరికంటె, బంతిని నేలకు తట్టుచు ఎదిరిపక్షమును దాటిపోగల పొట్టివాడే జట్టునకు అక్కరకు వచ్చును. ఎన్నుకొనువాడు ఒక్కొక్కని విలువను తూచుట లేదు. జట్టులోని ఖాళీలను పూరించుచున్నాడు.

ఇది మన జిల్లా మాత్రమే కాదు, ఈ ఆట పుట్టిన దేశములోను ఇంతే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, వై.ఎం.సి.ఏ. శిక్షణాలయములో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు పండ్ల బుట్టలు రెండు బాల్కనీకి కొట్టించి ఈ ఆటను ప్రారంభించెను. నేడచ్చటి ఎన్.బి.ఏ. సంఘమున 30 జట్లు కలవు. అవి ఏటేట డ్రాఫ్ట్ అను ఎంపికలో రెండు వరుసలుగా క్రొత్త ఆటగాండ్రను ఎంచుకొనును. ఎంత చేసినను 60 మందికి మించరు. అమెరికా కళాశాలలనుండియు ఇతర దేశములనుండియు వచ్చు ఆశావహులో వందలకొలది. ఏడాది పొడవున పత్రికలు ఆకాశమునకెత్తిన బాలుని పేరును ఆ రాత్రి ఎవ్వరును పిలువకపోవుట కలదు.

దానికి కారణములు అనేకము. వైద్యపరీక్షలో మోకాలి పాతగాయము బయటపడవచ్చును. వాని పాయింట్లన్నియు బలహీనులైన ప్రత్యర్థులపై వచ్చినవే కావచ్చును. బుట్టక్రింద నిలుచుటకు ఎత్తు చాలక, దూరమున ఆడుటకు వేగము చాలక, రెండింటికిని చెడినవాడు కావచ్చును. ఇరువదిమూడేండ్ల నిపుణునికంటె, ఇంకను నేర్చుకొనవలసిన పందొమ్మిదేండ్లవానిలో ఎదుగుదల ఎక్కువ యని జట్లు తలంచుట సాధారణము. మొదటి వరుసవానికి కొన్ని వత్సరముల వేతనము ఖాయము. రెండవ వరుసవానికి అట్టి భరోసా లేదు. అందుచేత ఏ మారుమూల జట్టుకో కట్టుబడుటకంటె, ఎన్నిక కాకుండ మిగిలి, తనకు చోటున్న జట్టును తానే వెదకుకొనుట మేలని ఎంచువారును కలరు.

ఇక ఎన్నిక యొక్క తీర్పు కడపటి తీర్పు కాదనుటకు మూడు ఉదాహరణములు చాలును. 1996లో బెన్ వాలెస్‌ను ఒక్క జట్టును ఎంచుకొనలేదు. ఆయన పిమ్మట నాలుగుమారులు ఆ సంఘమున ఉత్తమ రక్షకుడని బిరుదు పొంది, 2004లో డెట్రాయిట్ జట్టుతో విజేతయై, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవమును అందుకొనెను. 2016లో ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను ఎవరును పిలువలేదు; 2019లో కప్పు గెలిచిన టొరంటో జట్టులో ఆయన యుండెను. మన పంజాబు బిడ్డడు, ఏడడుగులకు మించిన సత్నామ్ సింగ్‌ను 2015లో డల్లాస్ జట్టు 52వ వానిగా ఎంచుకొనెను. భారతీయునికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. అయినను ఎన్.బి.ఏ. పందెము ఒక్కటియైనను ఆడు భాగ్యము ఆయనకు కలుగలేదు.

అంత దూరము పోనేల? గుంటూరున 1985లో జన్మించిన అంబటి రాయుడు గారి కథ మనకు దగ్గరిది. అది క్రికెట్టు కథయైనను నీతి ఒక్కటియే. పదునేడేండ్ల ప్రాయమున, 2002-03 రంజీ పోటీలలో, హైదరాబాదు పక్షమున ఆంధ్ర జట్టుపై ఆయన ఒకే పందెమున 210 పరుగులును, అజేయముగా 159 పరుగులును చేసెను. 2004లో పందొమ్మిదేండ్లలోపువారి ప్రపంచ పోటీలో భారత జట్టునకు నాయకుడాయెను. ఆయన నాయకత్వమున ఆడిన సురేశ్ రైనా, శిఖర్ ధావన్, దినేశ్ కార్తీక్ టెస్టు పందెము లాడిరి; నాయకునికి మాత్రము ఒక్క టెస్టయినను దక్కలేదు. 2007లో ఆయన క్రికెట్టు బోర్డు గుర్తింపులేని ఐ.సి.ఎల్. పోటీలలో చేరుటచే, బోర్డు క్షమాపణ ప్రకటించిన 2009 వరకు దారి మూసికొనిపోయెను. భారత జట్టులో తొలి వన్డే పందెము 2013లో గాని రాలేదు.

55 వన్డేలలో సగటున 47 పరుగులు చేసిన పిదప గూడ, 2019 ప్రపంచ కప్పు జట్టులో ఆయన పేరు లేకపోయెను. నాటి ఎంపికసంఘాధ్యక్షులు ఎం.ఎస్.కె. ప్రసాద్ గారును గుంటూరివారే. బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడును తెలిసిన విజయ్ శంకర్ జట్టునకు ఎక్కువ ఉపయోగపడునని వారు కారణము చెప్పిరి. ఆ జట్టు సెమీఫైనలులో న్యూజిలాండు చేతిలో 18 పరుగుల తేడాతో ఓడెను. ఆ ఎంపిక తప్పో ఒప్పో రచ్చబండలమీద వాదము నేటికిని తెగలేదు. రాయుడు గారు మాత్రము మనస్తాపముచే ఆట విడిచినట్లు ప్రకటించియు, మరల బ్యాటు పట్టి, 2023లో తన ఆరవ ఐ.పి.ఎల్. కప్పుతో విరమించిరి.

ఇన్ని తెలిసిన పిమ్మట మేము మా పాతకథను మరల తలపోసికొంటిమి. మా పాయింట్లన్నియు బుట్టక్రింద నిలిచి, మాకంటె పొట్టివారి తలలపై నుండి వేసినవే. ఎడమచేతితో బంతిని నాలుగడుగులు తీసికొనిపోలేకపోయెడివారము. బంతి పోగొట్టుకొన్నచో వెనుకకు పరుగెత్తక నడుముపై చేతులుంచుకొని చూచెడివారము. విజయవాడలో మాయంతవారు ముగ్గురుండిరి, ముగ్గురును పరుగెత్తుచుండిరి. ఆ పెద్దమనిషి తీర్పు న్యాయమే. ఆయన లోపమొక్కటియే: ఈ మూడు మాటలు మాకు చెప్పకపోవుట. చెప్పియున్నచో మేము అమ్మతో అబద్ధమాడియుండము. అంతకుమించి, మరుసటేడు బంతి ముట్టకుండ ఊరకుండియుండము. ఎన్నుకొనకపోవుట బాలుని చెరుపదు. ఏల ఎన్నుకొనలేదో చెప్పకపోవుట చెరుపును.

తల్లిదండ్రులకొక మనవి. ఊరివారి పొగడ్తను నమ్మి బూట్లకు అప్పు చేయకుడు. పేరు రానినాడు బిడ్డతో కలిసి ఎంపికచేసినవారిని తిట్టకుడు. మాకడకు వచ్చి కారణమడుగుడు. అది మీ హక్కు.

ఈ సంవత్సరము పట్టిక అంటించుటకు ముందునాటి సాయంకాలము, అందరును తప్పక వచ్చుననుకొన్న ఒక బాలుని మేము ప్రక్కకు పిలిచితిమి. పేరు లేదని చెప్పి, కారణములు మూడును వ్రేళ్లపై లెక్కించి వివరించితిమి. వాడు తలవంచుకొని వినెను. కన్నీరు తుడుచుకొని, "వచ్చే సంవత్సరం వస్తుందా, మాస్టారూ?" అని అడిగెను. వచ్చునని మాట ఇయ్యలేకపోతిమి. మరునాటి ఉదయము, ప్రార్థన గంట కొట్టుటకు చాలముందే, మైదానమునుండి బంతి చప్పుడు వినవచ్చెను. పోయి చూడగా వాడొక్కడే యుండెను. ఎడమచేతితో బంతిని తట్టుచు, తప్పిపోయినప్పుడెల్ల పరుగెత్తి తెచ్చుకొనుచుండెను.