బంతి ఎవరిది?

పిల్లలూ! మా నందికొండకు వచ్చినవాళ్ళంతా ముందు ఆనకట్ట చూస్తారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం అదే. అయితే ఇవాళ నేను మీకు చెప్పబోయేది ఆనకట్ట సంగతి కాదు, ఒక బంతి సంగతి. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటున్నది. ముందు అది వినండి.

ముప్పై ఏళ్ళ కిందట నేను ఈ ప్రాంతంలోనే ఒక బడిలో ఉపాధ్యాయుణ్ణి. బడికంతా కలిపి ఫుట్‌బాల్ ఒక్కటే. సాయంత్రం ఆఖరు గంట కొట్టగానే దాన్ని మగపిల్లలకు ఇచ్చేవాణ్ణి. ఆడపిల్లలకు ఖోఖో, తాడాట.

ఏడో తరగతిలో ఒక తండా పిల్ల ఉండేది. రోజూ వచ్చి ఆటస్థలం గీత అవతల నిలబడి చూసేది. బంతి గీత దాటి వస్తే పరుగున పోయి, చేత్తో ముట్టుకోకుండా కాలితోనే తన్ని, ఎవరికి అందాలో సరిగ్గా వాడి కాళ్ళ ముందుకే పంపేది.

ఒకనాడు నా దగ్గరికి వచ్చి, "సార్, నేను గూడ ఆడుత," అన్నది.

"ఇది మగపిల్లల ఆటమ్మా. దెబ్బలు తగులుతాయి. పోయి ఖోఖో ఆడుకో," అన్నాను.

ఆ పిల్ల మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి గీత దగ్గరికి రాలేదు. మరుసటి ఏడు బడికే రాలేదు. బంతి ఇవ్వనందుకే మానేసిందని నేను అనను. ఆ రోజుల్లో తండాల ఆడపిల్లలు బడి మానడానికి కారణాలు చాలా ఉండేవి. కాని బడికి రావడానికి ఆమెకు ఒక మంచి కారణం ఉన్నది. దాన్ని నేనే తీసేశాను గదా!

ఇటువంటి మాట అన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాను. 1920లో ఇంగ్లండులో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ ఆట ఒకదాన్ని చూడటానికి సుమారు 53,000 మంది వచ్చారు. ఆ మరుసటి ఏడే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి, తన మైదానాల్లో వాళ్ళను ఆడనివ్వరాదని కట్టడి చేసింది. ఆ కట్టడి దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. స్త్రీల ప్రపంచ కప్పు పోటీలు మొదటిసారి జరిగింది 1991లో, చైనాలో. పెద్దవాళ్ళు ఒక్క మాట తప్పుగా అంటే, దాన్ని దిద్దుకోవడానికి ఎంతకాలం పట్టిందో చూశారా?

ఇక అసలు సంగతికి వస్తాను. 2025లో ఒకనాడు పత్రికలో ఒక పేరు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. గుగులోత్ సౌమ్య. మన తెలంగాణ పిల్లే, నిజామాబాదు జిల్లా పిల్ల. 2001లో పుట్టింది. భారత మహిళల జట్టులో ఆడుతున్నది. ఆ ఏడు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకున్నది.

మధ్యవరుస నుంచి మైదానం అంచు వెంట ముందుకు దూసుకుపోయే ఆట ఆమెది. అది ఎంత కష్టమో తెలుసా? పెద్ద పోటీల మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. మధ్యవరుసలో ఆడేవాళ్ళు 90 నిమిషాల్లో సుమారు పది కిలోమీటర్లు పరుగెత్తుతారు. మన సాగరం రాతికట్టడం పొడవు 1,450 మీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకు ఏడుసార్లు పరుగెత్తినట్టన్నమాట! బంతిని వెనకనుంచి అందుకోవాలి, ఎదటివాళ్ళను తప్పించుకోవాలి, తనవాళ్ళు ఎక్కడున్నారో చూసి అందించాలి. కాళ్ళతోపాటు కళ్ళూ, బుద్ధీ పరుగెత్తాలి.

సౌమ్య 2022లో క్రొయేషియా దేశం పోయి డినామో జాగ్రెబ్ అనే పేరుపొందిన జట్టులో చేరింది. భాష రాదు, తిండి వేరు, చలిదేశం. తిరిగి వచ్చాక కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. 2025 ఏప్రిల్‌లో ఆ జట్టు ఒడిశాను 1–0తో ఓడించి, మొదటిసారి భారత మహిళల లీగు గెలిచింది. ఆ ఒక్క గోలూ సౌమ్యదే! అదే ఏడు జూలైలో మన దేశపు జట్టు థాయిలాండుకు పోయి, ఆ దేశాన్ని 2–1తో గెలిచి, 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది. ఆ పోటీలకు వెళ్ళిన జట్టులో సౌమ్య కూడా ఉన్నది.

ఇదంతా చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. వెంటనే గీత అవతలి పిల్ల కళ్ళముందు నిలబడింది. ఆ పిల్ల కూడా ఇంత గొప్పదయ్యేదని నేను చెప్పలేను. అసలు ఆడనిచ్చి ఉంటే గదా తెలిసేది!

హెడ్మాస్టరునయ్యాక నేను బంతికి వంతులు పెట్టాను. ఒకరోజు మగపిల్లలకు, మరునాడు ఆడపిల్లలకు. మొదట మగపిల్లలు మూతులు ముడిచారు. నెల తిరిగేసరికి, "సార్, కలిసి ఆడుతం," అని వాళ్ళే వచ్చారు. కాని ఆ వంతు నా మొదటి పిల్లకు అందలేదు.

పిల్లలూ, రేపు సాయంత్రం మీ బడి ఆటస్థలంలో ఒక్కసారి గీత అవతలికి చూడండి. ఎవరైనా నిలబడి ఉంటే లోపలికి పిలవండి. తల్లులారా, తండ్రులారా, మీ అమ్మాయి బంతి అడిగితే నేను ఇచ్చిన జవాబు ఇవ్వకండి.