ఇచ్చట ఏకాంతం అమ్మబడును

దక్షిణాఫ్రికా పొదల నుంచి బోట్స్‌వానా చిత్తడి నేలల దాకా సాగే ఖరీదైన సఫారీలో కనిపించే జంతువులు ఒక ఎత్తు, కనిపించని మనుషులు మరో ఎత్తు

జీపు బానెట్ మీద ఓ మూలన బిగించిన చిన్న కుర్చీ అతనిది. తలుపు లేదు, అద్దం లేదు. సింహం ఎదురుపడితే అతని మోకాళ్లకూ దాని మూతికీ మధ్య గాలి తప్ప మరేమీ ఉండదు. తెల్లవారుజాము చలిలో దుప్పట్లు కప్పుకుని వెనక సీట్లలో మనం కునికిపాట్లు పడుతుంటే ట్రాకర్ మట్టిదారిని చదువుతుంటాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తుతాడు. జీపు ఆగుతుంది. మన కంటికి అక్కడున్నది ఒట్టి దుమ్ము. అతనికి మాత్రం కాసేపటి క్రితం దారి దాటిన ఆడ చిరుతపులి, దాని వెనకే పిల్ల. పావుగంట తరువాత, పొదలను తొక్కుకుంటూ వెళ్లిన జీపు ఎదుట, మరూలా చెట్టు కొమ్మ మీద అది కాళ్లు వేలాడేసుకుని పడుకుని ఉంటుంది. మనవైపు చూడను కూడా చూడదు.

సఫారీ స్వాహిలీ మాట. మూలం అరబ్బీ. హైదరాబాదీలు వాడే సఫర్‌కు దగ్గరి చుట్టం. అర్థం ప్రయాణమే. ఒకప్పుడు తుపాకీతో, ఇప్పుడు కెమెరాతో. మా సఫర్ 11 రోజులు, మూడు దేశాలు, నాలుగు మజిలీలు: దక్షిణాఫ్రికాలో శాబీ శాండ్, జాంబియాలో విక్టోరియా జలపాతం, బోట్స్‌వానాలో చోబే, ఒకవాంగో. జోహానెస్‌బర్గ్‌లో మొదలై అక్కడే ముగిసే ఈ బాట ట్రావెల్ ఏజెంట్లకు కొట్టిన పిండి.

శాబీ శాండ్ క్రూగర్ నేషనల్ పార్కుకు పడమటి పొరుగు. సుమారు 65,000 హెక్టార్ల ప్రైవేటు అభయారణ్యం. రెంటి మధ్య కంచెను 1993లో తీసేశారు కాబట్టి పార్కు ఎక్కడ ముగిసిందో ఏనుగుకు తెలియదు. మనిషికి మాత్రం బాగానే తెలుస్తుంది. క్రూగర్‌లో ఎవరైనా సొంత కారులో తిరగొచ్చు, కానీ దారి దిగకూడదు, గేట్లు మూసేలోగా క్యాంపు చేరాలి. ఇటు ప్రైవేటు వైపు జీపు దారి వదిలి పొదల్లోకి దూరుతుంది, రాత్రి లైటు వేసుకుని తిరుగుతుంది. ఒక జంతువు దగ్గర రెండు మూడు వాహనాలకు మించకుండా గైడ్లు రేడియోలో వంతులు వేసుకుంటారు. రణథంబోర్‌లో పులి కోసం జీపులు, కాంటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడడం చూసినవారికి ఇక్కడి నిశ్శబ్దమే అసలు వింత.

ఖరీదంతా ఆ నిశ్శబ్దానికే. పేరున్న లాడ్జీల్లో ఒక మనిషికి ఒక రాత్రికి వెయ్యి డాలర్ల పైమాటే. బోట్స్‌వానాలో సీజన్ రోజుల్లో రెండు వేలు దాటేవీ ఉన్నాయి. ఆ సొమ్ముకు గది ముందు సొంత నీటి తొట్టి, రోజూ ఉతికి మడతపెట్టిన బట్టలు, సూర్యాస్తమయానికి అడవి మధ్య బల్ల పరిచి అందించే పానీయాలు. శాకాహారులు ముందే చెబితే పప్పు, అన్నం వండి పెడతారు. కారం మాత్రం మన ఇంటిదాన్ని ఆశించకూడదు. చీకటి పడ్డాక భోజనాల దగ్గరికి ఒంటరిగా వెళ్లనివ్వరు. టార్చి పట్టుకుని ఒక ఉద్యోగి తోడొస్తాడు. చుట్టూ ప్రహరీ లేదన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది.

మేం భారతీయులమని తెలిశాక గైడ్ అడిగింది క్రికెట్ గురించి కాదు, కూనో గురించి. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాలు మధ్యప్రదేశ్‌కు వచ్చాయి. వాటికి అక్కడ చోటు సరిపోతోందా అన్నది అతని సందేహం. చోటు అనే మాట ఈ ప్రయాణమంతా వెంటాడింది.

ఎందుకంటే ఇంత ఖాళీ చోటు దానంతట అది ఏర్పడలేదు. ఇక్కడ 1898లో శాబీ గేమ్ రిజర్వు ప్రకటించారు. 1926లో అది క్రూగర్ నేషనల్ పార్కులో భాగమైంది. 1902లో వచ్చిన మొదటి వార్డెన్ జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్‌ను స్థానికులు స్కుకూజా అని పిలిచారు. ఊడ్చిపారేసేవాడు అని అర్థం. అతను ఊడ్చింది దొంగ వేటగాళ్లను మాత్రమే కాదు, తరాలుగా అక్కడ కాపురమున్నవారిని కూడా. పార్కులోని ప్రధాన క్యాంపు పేరు నేటికీ స్కుకూజాయే. టీషర్టుల మీద ఆ పేరు వేయించుకుని కొనేవారిలో అర్థం తెలిసినవారు ఎందరో!

వర్ణవివక్ష పాలన ముగిశాక, 1994లో వచ్చిన చట్టం భూములు కోల్పోయినవారికి దావా వేసుకునే హక్కు ఇచ్చింది. శాబీ శాండ్‌లో అందరికీ తెలిసిన రిజర్వు మాలామాలా ఆ దావాలకే మెత్తబడింది. 2013లో ప్రభుత్వం దాన్ని 100 కోట్ల ర్యాండ్లకు పైగా చెల్లించి కొని, హక్కుదారులైన నల్లజాతి సముదాయానికి అప్పగించింది. వారు వెనక్కి వచ్చి ఇళ్లు కట్టుకోలేదు, పొలాలు దున్నలేదు. లాడ్జీ ఎప్పటిలా నడుస్తోంది. నేల యజమానులు మారారు, అంతే. ఆ 'అంతే' చిన్న విషయమేమీ కాదు.

విక్టోరియా జలపాతానికి ఒక రోజు చాలు. లివింగ్‌స్టన్ 1855లో చూసి తన రాణి పేరు పెట్టడానికి ముందే దానికి మోసి-ఓ-తున్యా అన్న పేరుంది: గర్జించే పొగ. వెడల్పు 1,708 మీటర్లు, ఎత్తు 108. ఏప్రిల్, మే నెలల్లో వెళితే తుంపరలో జలపాతమే కనపడదు. గొడుగు, రెయిన్‌కోటు రెండూ ఓడిపోతాయి. అక్టోబరు, నవంబరుల్లో జాంబియా వైపు చాలామేరకు నల్లరాయే మిగులుతుంది. ఏజెంట్లు రెండో సంగతి చెప్పరు.

అక్కడి నుంచి బోట్స్‌వానాకు రోడ్డు దారి. జాంబెజీ నది మీద కజుంగూలా దగ్గర 2021లో వంతెన ప్రారంభమయ్యేదాకా ఫెర్రీయే గతి. లారీలు రోజుల తరబడి బారులు తీరేవి. జింబాబ్వే నేలను తాకకుండా పోవడానికి ఆ వంతెన వంపు తిరిగి ఉంటుంది. దౌత్యాన్ని కాంక్రీటులో పోసినట్టు!

చోబేలో చూడాల్సింది పడవ మీద నుంచి. ఎండాకాలపు సాయంత్రం ఏనుగుల మందలు ఒకదాని వెనక ఒకటి దుమ్ము రేపుకుంటూ ఒడ్డుకు దిగుతాయి. గున్నలను మధ్యలో పెట్టుకుని, తొండాలు గొట్టాల్లా పైకెత్తి సెడూడు దీవికి ఈదుతాయి. ఆ దీవి కోసం నమీబియా, బోట్స్‌వానా కోర్టుకెక్కితే 1999లో అంతర్జాతీయ న్యాయస్థానం బోట్స్‌వానాదేనని తేల్చింది. ఏనుగులు తీర్పు కోసం ఆగలేదు.

ఒకవాంగోకు చిన్న విమానమే శరణ్యం. సామాను 20 కిలోలు, అదీ మెత్తటి సంచుల్లోనే. చక్రాల సూట్‌కేసు పట్టదు. కిందికి దిగేముందు గైడ్ జీపు నడుపుకుంటూ వచ్చి రన్‌వే మీది జింకలను తోలేస్తాడు. కింద కనిపించే నీరు ఇక్కడి వానది కాదు. ఎక్కడో అంగోలా ఎత్తుల మీద కురిసి, నెలల తరబడి నింపాదిగా ప్రవహించి, ఇక్కడ వానచుక్క లేని జూన్-ఆగస్టుల్లో డెల్టాను నింపుతుంది. నది సముద్రం చేరదు. కలహారి ఇసుకలో ఇంకి, ఎండకు ఆవిరై ఇక్కడే ముగుస్తుంది. యునెస్కో 2014లో తన ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో స్థలంగా చేర్చింది దీన్నే. చెట్టు మానును తొలిచి చేసే మొకోరో అనే డోంగెలో పాపిరస్ గడ్డి మధ్య సాగడమే ఇక్కడి అసలు సుఖం. చెట్లను కాపాడేందుకు ఇప్పుడు చాలావరకు ఫైబర్‌గ్లాసువే వాడుతున్నారు. వెనక నిలబడి గడకర్ర వేసే మనిషి చూపు మాత్రం నీటిగుర్రం ఊపిరి తీసుకునే బుడగల మీదే ఉంటుంది.

తక్కువమంది రావాలి, ఎక్కువ డబ్బు ఇవ్వాలి. 1990 నాటి పర్యాటక విధానం నుంచి బోట్స్‌వానా పట్టుకున్న సూత్రం ఇదే. విశాలమైన అడవిని లీజుకిచ్చి, అందులో ఇరవై మందికి అటూ ఇటూగా పట్టే క్యాంపులను అనుమతిస్తారు. జంతువులకు ఇది మేలు చేసిందనడంలో సందేహం లేదు. దాదాపు 24 లక్షల జనాభా ఉన్న దేశంలో సుమారు 1,30,000 ఏనుగులున్నాయి. భారత్‌లో 2025లో వెలువడిన అంచనా 22,446.

మనుషుల లెక్క అంత తేలికగా తేలదు. డెల్టా నడిబొడ్డున ఉన్న మోరెమీ రిజర్వును 1963లో ఏర్పాటు చేసింది తెల్లదొరలు కాదు, బటవానా తెగవారే. వేటతో జంతువులు తరిగిపోతున్నాయని తమ నేలను తామే ఇచ్చారు. ఆఫ్రికాలో అది అరుదైన సంగతి. కానీ ఆ గీత లోపల బ్రతుకుతున్న సాన్ కుటుంబాలు బయటికి జరగాల్సి వచ్చింది. ఈశాన్యపు అంచున ఉన్న ఖ్వాయి అలాంటివారి ఊరు. ఇప్పుడు ఆ ఊరికి సొంత ట్రస్టు ఉంది, అడవి లీజుల మీద ఆదాయం వస్తుంది.

ఏనుగు ముందు పొలానికి వస్తుంది, టూరిస్టు తరువాత వస్తాడు. జొన్న చేను ఒక్క రాత్రిలో నేలమట్టమవుతుంది. కుప్పం, పలమనేరు రైతులకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. ఇక్కడివాళ్లు ఎండుమిర్చిని పేడలో కలిపి, ఆరబెట్టి, రాత్రుళ్లు పొలం గట్టున పొగబెడతారు. ఏనుగు ముక్కుకు ఆ ఘాటు పడదు. 2014లో దేశం వేటను నిషేధించినప్పుడు, వేట లైసెన్సుల మీద బ్రతికిన గ్రామ ట్రస్టులు ఆదాయం పోగొట్టుకున్నాయి. 2019లో నిషేధం ఎత్తేశారు. వేట ట్రోఫీల దిగుమతిని బిగిస్తామని జర్మనీ అన్నప్పుడు, 2024లో అప్పటి అధ్యక్షుడు మోగ్వీట్సీ మసీసీ 20,000 ఏనుగులను మీకే పంపుతాం, కలిసి కాపురం చేయండి అన్న ధోరణిలో జవాబిచ్చారు. బెర్లిన్‌లో నవ్వుకున్నారేమో గానీ, డెల్టా అంచు గ్రామాల్లో అది వెటకారం కాదు.

అందుకే బుక్ చేసేముందు దుప్పటి నాణ్యత కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ఆ నేల ఎవరిది? లీజు సొమ్ములో ఏ ఊరికి ఎంత చేరుతుంది? గైడ్లు, మేనేజర్లలో స్థానికులెందరు? మంచి లాడ్జీలు సూటిగా చెబుతాయి. నసిగేవాళ్ల దగ్గర మరో లాడ్జీ వెతుక్కోవచ్చు.

వెళ్లడానికి జూన్ నుంచి అక్టోబరు దాకా మేలు. గడ్డి ఎండి, జంతువులన్నీ నీటి పట్టుకు చేరతాయి. జూన్, జూలై తెల్లవారుజాముల్లో చలి ఎముకలు కొరుకుతుంది, ఉన్ని టోపీ మరవద్దు. మలేరియా మాత్రల గురించి డాక్టరును అడగాలి. మూడు దేశాల వీసా నిబంధనలు మూడు రకాలు, పైగా మారుతుంటాయి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా, ముంబై నుంచి అడిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా జోహానెస్‌బర్గ్ చేరొచ్చు. ఇంత ఖర్చు భరించలేని వారికి క్రూగర్ ఉండనే ఉంది. జోహానెస్‌బర్గ్‌లో కారు అద్దెకు తీసుకుంటే అయిదారు గంటల దారి. మనలాగే ఎడమ వైపున నడుపుతారు. సటారా, లోయర్ శాబీ లాంటి ప్రభుత్వ క్యాంపుల్లో వంటింటితో సహా గుడిసెలు దొరుకుతాయి. స్కూలు సెలవుల్లో స్థానికులే నింపేస్తారు కాబట్టి నెలల ముందే రిజర్వు చేసుకోవాలి. ట్రాకర్ ఉండడు, వెతుక్కునే పని మీదే. రోడ్డు పక్కన రెండు కార్లు ఆగి ఉంటే, మీరూ ఆగండి.